వారానికి మడవ తిప్పిన ఆసామి

మెంబరు చనిపోయాడని ఇంటివాళ్లు ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో కూర్చున్న నేను రెండు పనులు చేయాలి. ముందు గొంతు తగ్గించి సంతాపం చెప్పాలి. తర్వాత ఆయన వారం ఎవరి పేరుకు మార్చాలో అడగాలి. మొన్న హాలహర్వి దగ్గరి పల్లె నుంచి, నేను పెద్దనాయనా అని పిలిచే ఒక మెంబరు కొడుకు ఫోన్ చేసినప్పుడు నేనింకా మొదటి పనిలోనే ఉన్నాను. ఆ అబ్బాయి మధ్యలో అందుకుని, "అది సరే మేడం, నాయన పోయే ముందర ఒగ మాట సెప్పి పోయినాడు. ఎమ్మిగనూరు సామికి ఫోన్ జేసి సెప్పల్లంట. ఈ తూరి మడవ తిప్పేదానికి తాను రాడంట, పిల్లోడు వస్తాడంట," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చేసరికి గది కోసం ఎదురుగా నిలబడ్డ రాయచూరు దంపతులు బెదిరిపోయి, మేము తర్వాత వస్తాములెండి అని సోఫాలో కూర్చున్నారు.

మడవ అంటే ఏమిటో, రిసార్టుకూ దానికీ సంబంధం ఏమిటో చెప్పాలంటే ముందు మా వ్యాపారం గురించి చెప్పాలి. ఎమ్మిగనూరు నుంచి మంత్రాలయం పోయే దారికి పక్కగా, గుట్ట మీద మా కాటేజీలు ఉన్నాయి. వీటిని గదుల్లాగా అద్దెకివ్వరు. ఏడాదిని వారాలుగా కోసి, ఒక్కో కాటేజీలో ఒక్కో వారాన్ని ఒక్కొక్కరికి అమ్ముతారు. టైమ్‌షేర్ అంటారు. ఏటా ఆ వారం మీది, మీ తర్వాత మీ పిల్లలది. మిగతా ఏడాదంతా మీరెవరో మేమెవరో.

ఇవి అమ్మడానికి ఆదోనిలో ఒక ఫంక్షన్ హాలు తీసుకున్నారు. లక్కీ డ్రాలో పేరు తగిలిన వాళ్లకు హాట్ బాక్సు ఉచితం, భార్యతో సహా వచ్చి తీసుకోవాలి అని ఊరంతా ఫోన్లు చేశారు. పేరు తగలనివాళ్లు ఎవరూ లేరు. నాది ఆదోనే, అప్పుడే ఉద్యోగంలో చేరాను, హాట్ బాక్సులు పంచే పని నాకిచ్చారు. ఆ పెద్దనాయన మార్కెట్ యార్డుకు పత్తి తోలుకొచ్చి, పనిలో పనిగా పెండ్లాన్ని వెంటబెట్టుకుని ఆ బాక్సు కోసం వచ్చాడు. తెల్ల రుమాలు, భుజం మీద తువ్వాలు, గంభీరమైన మీసం. టై కట్టుకున్న కుర్రాడు తెర మీద కొండలూ సముద్రాలూ చూపించి గంటల తరబడి చెప్పాడు. ఈయన చేతులు కట్టుకుని అంతా విన్నాడు. చివర్లో ఏమైనా సందేహాలున్నాయా అంటే లేచి నిలబడ్డాడు.

"అంతా బాగుంది గానప్పా, నా ముందర వంతు ఎవురిది? నా ఎనక ఎవురిది?"

"అది మీకెందుకు సార్?"

"ఎందుకంటావేమి? మడవ తిప్పల్ల గదా."

కుర్రాడు నా వంక చూశాడు. నాకూ తెలియదు. వెనక కూర్చున్న రైతులు మాత్రం, న్యాయమైన ప్రశ్నే అడిగినాడు అన్నట్టు తలలూపారు.

తర్వాత ఆయనే నాకు విడమరిచి చెప్పాడు. వాళ్ల ఊళ్లో ఆయనకూ దాయాదులకూ కలిపి ఒకటే బావి. నీళ్లు వంతుల ప్రకారం. ఒకరి వంతు అయిపోగానే కాలువలో మట్టి తీసి, మరోచోట మట్టి వేసి, నీళ్లను పక్కవాడి చేలోకి మళ్లించాలి. ఆ గండిని మడవ అంటారు. మడవ తిప్పేసి ఇంటికి పోతే సరిపోదు. పక్కవాడి దగ్గరికి నడిచి వెళ్లి, నీకు తిప్పినాను అని నోటితో చెప్పాలి. చెప్పకుండా పోయినవాడితో బావి మీద ఎవరూ మాట్లాడరు. ఆయన లెక్కలో మా కంపెనీ అమ్మింది కూడా అలాంటి వంతే. కాకపోతే ఈ బావికి ఏసీ పెట్టారు.

అలా వారం కొన్నాడు. అదీ ఎవరూ వద్దన్న వారం. చాలా ఏళ్లు అది మహాలయ పక్షంలో పడుతుంది. పెద్దలకు పెట్టుకునే రోజుల్లో విహారమేమిటని అందరూ వెనక్కి తగ్గితే, కలుపు అయిపోయి కోతకు ముందు చేతికి తీరిక దొరికేది అప్పుడే గదా అని ఆయన సంతోషంగా తీసుకున్నాడు. దాని తర్వాతి వారం దసరాది. దానికోసం కొట్టుకున్నారు. చివరికి ఎమ్మిగనూరులో పనిచేసి రిటైరైన ఒక సంస్కృతం మేష్టారికి దక్కింది.

మొదటి ఏడాది ఆయన దిగిన తీరు నేనెప్పటికీ మరచిపోలేను. ఒక ఆటోలోంచి ఎంతమంది దిగగలరో అంతమంది దిగారు. అక్క, బామ్మర్దులు, వాళ్ల పిల్లలు, ఒక మూట శెనక్కాయలు, జొన్నపిండి, రొట్టెల పెనం, విసనకర్ర. ఆయన నేరుగా స్విమ్మింగ్ పూల్ దగ్గరికి పోయి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"బావి బాగుండాది పాపా. దీని కింద పారకం ఎంత?"

"దీని కింద ఏ పొలమూ పారదు పెద్దనాయనా. ఊరికే ఈదడానికి."

"ఊరికేనా?" అని ఇంకోసారి చూసి, పాపం మీకేం కష్టమొచ్చిందో అన్నట్టు నన్ను ఓదార్పుగా చూశాడు.

పొద్దున బఫేలో కార్న్‌ఫ్లేక్స్ గిన్నెలో పోసుకుని, కరకరమనిపించి, ఉగ్గాని లేదా అని వంటవాడిని అడిగాడు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ లేకుండా తెల్లవారడం ఈ ప్రాంతంలో ఎవరికీ తెలియదు గనుక వంటవాడు సిగ్గుపడి మర్నాటి నుంచి చేశాడు. ఇప్పుడది మా మెనూలో ఉంది. ఏసీ గదిలో ఒక్కపూట కూడా పడుకోలేదు. గాలాడదని వరండాలో చాప వేసుకుని పడుకునేవాడు. పొద్దున్నే వాకింగ్‌కు పోయే పక్క కాటేజీవాళ్లు ఆయన కాళ్లు దాటలేక నాకు ఫిర్యాదు చేసేవాళ్లు. ఫోన్ మాట్లాడితే అవతలి మనిషికి ఫోన్ అవసరం లేదు. హౌస్ కీపింగ్ అమ్మాయిలు దులపడానికి వెళితే ఆయనే చీపురు అందుకుని, "అట్లగాదు, మూల నుంచి రావల్ల," అనేవాడు. నాకు ఒళ్లు మండేది. ఆయనున్న వారమంతా నేను టీ రెండింతలు తాగేదాన్ని.

అసలు గొడవ శనివారం నాడు. పాతవాళ్లు పొద్దున ఖాళీ చేసి తాళం నాకివ్వాలి, కొత్తవాళ్లకు మధ్యాహ్నం నేనివ్వాలి. ఈయన అందరినీ ఆటో ఎక్కించి పంపేసి, తాళంచెవి పంచె మడతలో దోపుకుని కాటేజీ మెట్ల మీద కూర్చున్నాడు.

"తాళం ఇవ్వండి పెద్దనాయనా."

"నీకిచ్చి ఏం జేయల్ల పాపా? నీకు వంతు లేదు గదా."

మధ్యాహ్నం మేష్టారు భార్యతో దిగాడు. మెట్ల మీద రుమాలు చుట్టుకుని కూర్చున్న మనిషిని చూసి వాచ్‌మన్ అనుకున్నాడు. ఆ ట్రంకు పెట్టె లోపల పెట్టు, నిదానంగా, కొలువు బొమ్మలున్నాయి అన్నాడు. ఈయన మారు మాట్లాడకుండా పెట్టె ఎత్తుకుని లోపల పెట్టాడు. తర్వాత మేష్టారిని చేయి పట్టుకుని ఇల్లంతా తిప్పాడు. ఈ కొళాయి కారుతుంది, గట్టిగా తిప్పొద్దు, సగంలో ఆపు. ఈ కిటికీ రెక్క పైకెత్తి మూయల్ల. గీజరు బటను పైకి గాదు, కిందికి. అన్నీ అయ్యాక మడతలోంచి తాళం తీసి రెండు చేతులతో అందించి, "సామీ, నీకు తిప్పినాను," అన్నాడు. మేష్టారు బక్షీసు కోసం జేబులో చేయి పెట్టాడు. అప్పుడు నేను పరుగున వెళ్లి, అయ్యా ఈయన ఈ కాటేజీ ఓనరు, మీ ముందు వారం ఆయనదే అని చెప్పాను. మేష్టారి మొహం చూడాలి. జేబులో పెట్టిన చేయి బయటికి తీయలేక కాసేపు అలాగే ఉండిపోయాడు.

"ఎంత అపచారం! పెట్టె మోయించాను కదయ్యా నీ చేత!"

"బొమ్మలు బరువేం లేవులే సామీ," అని ఆయన గుప్పెడు శెనక్కాయలు మేష్టారి జేబులో పోశాడు.

అక్కణ్ణుంచి ఏటా అదే వరస. శనివారం వస్తే ఆ ఇద్దరూ మెట్ల మీద కూర్చుని శెనక్కాయలు ఒలుచుకుంటూ మాట్లాడుకునేవాళ్లు. ఆదోని పత్తి గురించి, ఎమ్మిగనూరు మగ్గాల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి. ఆ తొక్కలు ఊడ్పించే పని నాది.

ఇక ఆయన పెండ్లం. ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. రిసార్టుకు వచ్చిన ప్రతిసారీ ఆమె చేసిన విహారం వంటగదిలోనే. అంతమంది సుట్టాలకు రొట్టెలు తట్టీ తట్టీ చేతులు ఎర్రబడేవి. ఒక ఏడాది వెళ్లేటప్పుడు నా కౌంటరు దగ్గర ఆగి మొగుడికి వినబడేలా చెప్పింది. "వచ్చే ఏడు మేము ఇద్దరమే వస్తాము పాపా. వారమంతా నేను పొయ్యి ముట్టను. ముట్టినానంటే సూడు." ఆయన మీసం కింద నవ్వి, సరేలే అన్నాడు.

అన్నమాట ప్రకారం మరుసటి ఏడు ఇద్దరే బయల్దేరారు. అదే ఏడు తుంగభద్ర పొంగింది.

ఎగువన వానలు ఆగలేదు. మా గుట్ట కింది ఊరు మాధవరంలో నది వైపు వీధుల్లోకి నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక ఇళ్లలో మోకాటి లోతు బురద మిగిలింది. జనమంతా స్కూల్లో తలదాచుకున్నారు. మా గుట్టకు ఏమీ కాలేదు. హైదరాబాదులో మా హెడ్డాఫీసు వెంటనే సాయం పంపింది. లారీలోంచి ముందు బ్యానర్ దిగింది. 'బాధితులకు మా ఆతిథ్యం' అని పెద్ద అక్షరాలు. తర్వాత తెల్ల దుప్పట్లు, నీళ్ల సీసాలు దిగాయి. వాటితోపాటు హోటల్ గదుల్లో పెట్టే చిన్న షాంపూ సీసాలు, తల తడవకుండా పెట్టుకునే షవర్ క్యాపులు పెట్టెలకొద్దీ దిగాయి. ఇల్లు మునిగినవాళ్లకు షవర్ క్యాపులేమిటని నేను తల పట్టుకున్నాను గానీ, స్కూలు పిల్లలు అవి తగిలించుకుని వానలో ఊరేగారు. ఆ వారంలో వాళ్లు అంతగా నవ్వింది అప్పుడే.

స్కూల్లో ఒక పచ్చి బాలింత ఉంది. వరదకు కాస్త ముందు కాన్పయింది, ఆడపిల్ల. గోడలు చెమ్మ, నేల చెమ్మ, వేడినీళ్లు కాచుకోను చోటు లేదు. బిడ్డకు జలుబు పట్టి ముక్కు ఎగబీల్చడం మొదలైందని దుప్పట్లు పంచడానికి పోయిన మా హౌస్ కీపింగ్ అమ్మాయిలు వచ్చి చెప్పారు. నేను హెడ్డాఫీసుకు ఫోన్ చేశాను. బాలింతకు ఒక్క గది ఇద్దాం సార్ అన్నాను.

"గదులు మనవి కావమ్మా, మెంబర్లవి. మెంబరు వెంట వచ్చిన బంధువులైతే ఉండొచ్చు. వేరేవాళ్లను పెట్టామంటే రేపు ఆ వారం మెంబరు కేసు వేస్తాడు."

ఆ మాటలో అబద్ధం లేదు. బ్యానర్ కిందే నిలబడి ఫోన్ పెట్టేశాను. ఆతిథ్యం అన్న మాట చదివితే అసహ్యం వేసింది.

ఆ మధ్యాహ్నమే ఆయన ఆటో వచ్చింది. పెద్దమ్మ దిగింది. ఆమె వెనక ఒక నడివయసు ఆమె దిగింది. ఆమె వెనక, తలకు గుడ్డ కట్టుకుని, మా కంపెనీ దుప్పటిలోనే బిడ్డను చుట్టుకుని బాలింత దిగింది. దారి తెగిందేమో కనుక్కుందామని స్కూలు దగ్గర ఆపారట. కనుక్కుని, వీళ్లను ఎక్కించుకుని వచ్చారు.

"వీళ్లెవరు పెద్దనాయనా?" తెలిసే అడిగాను. అడగడం నా ఉద్యోగం.

"నా సుట్టాలు."

"ఏ వరస?"

"నీళ్ల వరస పాపా," అన్నాడు, కన్నార్పకుండా.

బంధువులు అని రాసుకుని తాళం ఇచ్చాను.

బాలింతకు లోపలి గది ఇచ్చారు. పెద్దమ్మ హాల్లో, ఆయన ఎప్పటిలాగే వరండాలో. ఇక పెద్దమ్మ వంటగదిలోకి అడుగుపెడితే ఆ నడివయసు ఆమె, బాలింత తల్లి, అడ్డం నిలబడింది. "మీ వారంలో మీరు పొయ్యి ముట్టేది లేదక్కా," అని తలుపు మూసింది. ఆమెకు ఈ సంగతి ఎవరు చెప్పారో నేను చెప్పను. పెద్దమ్మ చేసిన పనల్లా ఒక్కటే. పూటపూటా కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ల మీద వేసుకుని, నూనె పట్టించి, వేడివేడి నీళ్లు పోసి, సాంబ్రాణి వేసేది. వారం తిరిగేసరికి బిడ్డ జలుబు పోయి, మా గుట్టంతా వినబడేలా ఏడవడం నేర్చింది.

శనివారం వచ్చింది. మాధవరంలో వాళ్లింట్లో అల్లుడు ఇంకా బురద ఎత్తిపోస్తూనే ఉన్నాడు, గోడలు ఆరలేదు. కాటేజీ ఖాళీ చేస్తే బాలింత మళ్లీ ఆ స్కూలు నేల మీదికే పోవాలి. రాబోయేది దసరా వారం. మేష్టారు ఏటా కలశం పెట్టి, బొమ్మల కొలువు తీర్చే ఇల్లు అది. పైగా లోపల పురుడు. నిష్ఠ గల ఇంటివాళ్లు పురుటింట్లో కలశం ఎలా పెడతారు? నాకైతే ఆశ లేదు. బాలింత తల్లి ఏమీ అడగకుండా పొద్దున్నే మూట కట్టి గుమ్మం పక్కన పెట్టింది.

ఆయన తలస్నానం చేసి, ఉతికిన రుమాలు చుట్టుకుని, తాళంతో మెట్ల మీద కూర్చున్నాడు. మేష్టారికి ముందే ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అన్నాను. "మడవ కాడ మాట్లాడేది ఫోన్‌లో మాట్లాడతారా?" అని కసిరాడు. ఆయన నన్ను కసరడం అదొక్కసారే.

ఆటో ఆగింది. మేష్టారు ముందు దిగాడు, వెనక భార్య, ట్రంకు పెట్టె, రాగి కలశం. మేష్టారు నవ్వుతూ వచ్చి, "ఏమప్పా, తాళం చేతిలో ఉంది గానీ నోట్లో మాట లేదే ఈసారి?" అన్నాడు.

ఆయన లేచి నిలబడ్డాడు. "సామీ, వంతు నీది. కాదనను. గానీ లోపల నారుమడి తడుస్తాండాది."

మేష్టారు నవ్వు ఆపి ఆయన మొహంలోకి చూశాడు. పల్లె పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతికిన మనిషి, ఆ మాట ఆయనకు తెలుసు. నారుమడికి నీళ్లు పారుతున్నప్పుడు వంతు మారినా మడవ తిప్పరు. తర్వాతవాడు గట్టు మీద కూర్చుని మడి తడిసేదాకా ఆగుతాడు. అక్కడ ఒకరు అడిగేదీ లేదు, ఇంకొకరు ఇచ్చేదీ లేదు.

లోపల బిడ్డ కెవ్వుమంది.

"పురుడు తీరలేదు సామీ. అది గూడా సెప్పల్ల గదా," అన్నాడు ఆయన, తల వంచుకుని.

మేష్టారు కలశం వంక చూశాడు. తలుపు వంక చూశాడు. ఆయన ఉత్తరీయం సర్దుకుని, "అయితే నేను గట్టు మీద కూర్చోవలసిందేనన్న మాట," అని ఆ మెట్టు మీదే చతికిలబడ్డాడు. "శెనక్కాయలున్నాయా?"

పెద్దనాయన నవ్విన నవ్వుకు పక్క కాటేజీవాళ్లు బయటికొచ్చారు.

ఈలోగా మేష్టారి భార్య నడుం మీద చేయి పెట్టుకుని రిసార్టంతా కలయజూసింది. "పురుటింట్లో కొలువు పెట్టకూడదు, అంతే కదా. ఇల్లు ఇదొక్కటేనా ఇక్కడ?" అంది. ఆమె చూపు తిరిగి తిరిగి నా కౌంటరు మీద ఆగింది.

"అది ఆఫీసు కదే," అన్నాడు మేష్టారు.

"ఆఫీసుకైతే అమ్మవారు రానంటుందా?"

"అమ్మా, అక్కడ కంప్యూటరుంది," అన్నాను నేను, ఏడుపు గొంతుతో.

"దాన్ని కాస్త పక్కకు జరుపు తల్లీ. తూర్పు నాకు కావాలి."

ఆ దసరా మా రిసెప్షన్‌లో జరిగింది. కౌంటరు మీద కలశం, తాళాల బోర్డు కింద మెట్లు మెట్లుగా బొమ్మలు, పెళ్లి బొమ్మలు, శెట్టి బొమ్మలు, మధ్యలో నేను. గది కావాలని వచ్చినవాళ్లు బొట్టు పెట్టించుకుని, గుగ్గిళ్లు తిని, తర్వాత పేరు చెప్పేవాళ్లు. స్కూల్లో ఉన్న మాధవరం ఆడవాళ్లు సాయంత్రాలు గుట్టెక్కి పేరంటానికి వచ్చారు. మూడో పూటకు హాలు పట్టక బ్యానర్ విప్పి నేల మీద పరిచాం. ఆ బ్యానర్ మీద అంతమందికి ఆతిథ్యం జరుగుతుందని దాన్ని రాయించినవాళ్లు కలలో కూడా అనుకుని ఉండరు. మేష్టారు రాత్రిళ్లు వరండాలో, ఆయన వదిలిపోయిన చాప మీద పడుకున్నాడు.

వదిలిపోయిన చాప అని ఎందుకన్నానంటే, ఆయన ఊరికి వెళ్లిపోయాడు. కోత ముంచుకొస్తోంది. పెద్దమ్మ మాత్రం కదల్లేదు. బిడ్డకు నీళ్లు పోసేది ఎవరు అంది. రోజూ సాయంత్రం నాకు ఊరి నుంచి ఫోన్.

"పాపా, పప్పులో ఉప్పు ఎప్పుడేయల్లనో ఆమెను అడుగు."

అడిగి చెప్పేదాన్ని.

"పాపా, రొట్టె పెనానికి అంటుకుండాది. ఏం జేయల్ల?"

ఆ ప్రశ్నకు పెద్దమ్మ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, "నాలుగు దినాలు అంటుకోనీ," అంది. నేను ఆ మాట అలాగే చేరవేశాను. నా ఉద్యోగంలో అంత శ్రద్ధగా ఏ సందేశమూ అందించలేదు.

పండగ మధ్యలో హెడ్డాఫీసు పెద్దాయన ఫోటోగ్రాఫర్‌తో దిగాడు, సహాయ కార్యక్రమాలు చూడడానికి. రిసెప్షన్‌లో కొలువు, నేల మీద తన బ్యానర్, దాని మీద గుగ్గిళ్లు తింటున్న జనం, కాటేజీ ముందు తీగ మీద ఆరేసిన బిడ్డ గుడ్డలు. ఇదంతా ఎవరు చేయమన్నారు అన్నాడు. మెంబర్లు సార్ అన్నాను. మెంబర్లు అనేసరికి ఆయన మెత్తబడ్డాడు. మేష్టారి భార్య చేతిలో గుగ్గిళ్లు పెట్టేసరికి చెప్పులు విప్పాడు. ఆ ఫోటో ఆ ఏడాది కంపెనీ బ్రోచర్లో వచ్చింది. కింద 'స్థానిక సంప్రదాయ స్వాగతం' అని వేశారు.

మేష్టారి తర్వాతి వారం బళ్లారివాళ్లది. మేష్టారు ఫోన్ చేసి నారుమడి సంగతి చెప్పబోతే, ఆ ఇంటి పెద్ద గౌడ గారు సగంలోనే, "సాకు సాకు, అర్థమాయ్తు," అని కన్నడంలో చాలు చాలంటూ నవ్వి, మళ్లీ ఎప్పుడైనా వస్తాంలెండి అన్నాడు. ఆ వారం ముగిసేలోపు మాధవరంలో గోడలు ఆరాయి. అల్లుడు సున్నం కొట్టించి కబురు పంపాడు.

వాళ్లు బయల్దేరే రోజున ఆయన పెండ్లాన్ని తీసుకుపోవడానికి వచ్చాడు. బాగా చిక్కాడు. పెద్దమ్మ మాత్రం నిగనిగలాడుతోంది. ఆటో వచ్చింది, మూట ఎక్కించారు. బాలింత తల్లి గేటు దగ్గర ఆగిపోయింది. ముందు నా కాళ్ల వైపు వంగింది. నేను బెదిరి వెనక్కి జరిగి, నాదేమీ లేదమ్మా, నేను జీతానికి ఉన్నాను అన్నాను. ఆమె ఆయన వైపు తిరిగింది.

"నా కాళ్లకెందుకమ్మా? నా వారం ఎప్పుడో అయిపాయె."

"మరి ఆ అయ్యోరికా?"

"ఆయనదీ అయిపాయె. పండగ జేసుకుని పాయె."

"బళ్లారోళ్లను నేను సూడనే ల్యాదు. మరి ఎవురికన్నా నేను దండం పెట్టల్ల? ఇంత మేలు జేసి, ఎవురూ మాది కాదంటే నేనెట్ల పోవల్ల?" ఆ రుణం మోసుకుంటూ ఆటో ఎక్కలేక నిలబడిపోయింది.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఎవురూ నీకు ఏమీ ఇయ్యలేదు సెల్లెమ్మా," అన్నాడు. "ఈ తూరి వంతు నీకు వచ్చినాది. అంతే."

ఆమె జోడించిన చేతులు విడదీసుకుంది. కూతురి చేతుల్లోంచి మనవరాలిని తీసుకుని భుజాన వేసుకుని, ఇంకెవరికీ వంగకుండా, నిటారుగా నడిచి ఆటో ఎక్కింది. ఇన్నేళ్లలో మా గేటు దాటి ఎందరో వెళ్లడం చూశాను. వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్లినవాళ్లు, బిల్లు మీద గొణుక్కుంటూ వెళ్లినవాళ్లు, మళ్లీ వస్తామని అబద్ధం చెప్పి వెళ్లినవాళ్లు. సొంత ఇంట్లోంచి బయటికి పోతున్న మనిషిలాగా వెళ్లింది ఆమె ఒక్కతే.